ఏసుపాదం సారు ఉంగరం, నా తొమ్మిదిన్నర వేళ్లు

2006లో వానలు తగ్గి, గోదావరి ఒడ్డున బురద ఎండుతున్న రోజులు. సారపాకలో రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. తలుపులు, కిటికీలు చేయడం ఒక పని. చుట్టుపక్కల ఎవరైనా కోత మిషన్ కొంటే బిగించడం, మొరాయిస్తే బాగుచేయడం ఇంకో పని. భద్రాచలం నుంచి అటు వేంసూరు దాకా నా స్కూటర్ తిరగని ఊరు లేదు. నా పేరు వీరాచారి. ముఖం మీద అందరూ చారీ అనేవాళ్లు. వెనక మాత్రం తొమ్మిదిన్నర అనేవాళ్లు, ఎందుకంటే నా కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉంది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. వడ్రంగికి పని ఇవ్వడానికి వచ్చినవాడు ముందు చెక్కను చూడడు, చేతులు చూస్తాడు. పది వేళ్లూ నిండుగా ఉంటే "ఇంకా చెయ్యి తిరగాలె" అనుకుంటాడు. ఒక వేలు తక్కువుంటే ఆ మనిషి రంపాన్ని చూశాడు, రంపం ఆ మనిషిని చూసింది, ఇక భయం లేదని అడ్వాన్స్ చేతిలో పెడతాడు. ఈ లెక్క తలకిందులని ఎవరికీ తోచదు. నాకు తోచింది గానీ, నా షెడ్డుకు గిరాకీ తెచ్చే లెక్కను నేనెందుకు దిద్దుతాను?

ఇప్పుడు నిజం చెబుతాను. ఆ వేలు రంపానికి పోలేదు.

ఎట్ల పోయిందని ఎవరైనా అడిగితే మొదట్లో నేను ఏమీ చెప్పేవాణ్ణి కాదు. రంపం వైపు చూసి ఒక నిట్టూర్పు విడిచేవాణ్ణి, అంతే. మిగతాది వాళ్లే అల్లుకునేవాళ్లు. కొన్నేళ్లకు వాళ్లు అల్లినది నాకే నచ్చి, నేనూ నాలుగు ముక్కలు కలిపాను. ఒక టేకు దుంగ వచ్చింది. తర్వాత కరెంటు పోయి మళ్లీ ఉన్నట్టుండి రావడం వచ్చింది. తెగిన వేలిని నేనే తువాలులో చుట్టుకుని సైకిల్ మీద దవాఖానాకు పోవడం కూడా వచ్చి చేరింది. నేను ఈ కథ ఎత్తుకోగానే మా ఆవిడ లోపలికి వెళ్లిపోయేది. అబద్ధాన్ని ఎదురుగా కూర్చుని వినే ఓపిక ఆమెకు లేదు.

ఏసుపాదం సారు కూడా ఈ వేలును చూసే వచ్చారు. ఆయన ఇక్కడి కాగితం మిల్లులో ముప్పై ఏళ్లు సూపర్‌వైజరుగా చేసి, అంతకుముందు ఏడాదే రిటైరయ్యారు. మిల్లులో సేఫ్టీ కమిటీ అని ఒకటి ఉండేది. ఎవరు హెల్మెట్ పెట్టుకోలేదు, ఎవరు చెప్పులతో వచ్చారు అని చూసి మెమోలు ఇచ్చే కమిటీ. అందులో ఈయన పేరు వింటే కాంట్రాక్టు కూలీలు బీడీ ఆర్పేసేవాళ్లు. రిటైరయ్యాక మెమో ఇవ్వడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఉన్నదొక్క భార్య, ఆమెకు మెమో ఇచ్చే ధైర్యం ఆయనకు లేదు. అందుకని ఇంటి వెనక రేకుల కింద వర్క్‌షాపు పెట్టుకుని, వాళ్ల చర్చిలో పిల్లలు కూర్చోవడానికి పన్నెండు చిన్న బెంచీలు క్రిస్మస్‌లోపు తానే చేసి ఇస్తానని అందరి ముందూ ఒప్పుకున్నారు. చర్చిలో మాట ఇచ్చి వచ్చాకే విజయవాడ పోయి టేబుల్ సా కొన్నారు. దాన్ని తెప్పించాకే నడపడం రాదని గుర్తొచ్చింది.

టేబుల్ సా అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇనుప బల్ల, దాని మధ్యలో సన్నటి చీలిక, ఆ చీలికలోంచి పైకి తొంగిచూస్తూ గిర్రున తిరిగే గుండ్రటి రంపం. చేతి రంపంతో మనం రంపాన్ని కదిలిస్తాం. ఇక్కడ రంపం ఉన్నచోటే ఉంటుంది, మనం చెక్కను దాని మీదికి తోస్తాం. అంటే ప్రతి కోతకూ మన చేతులు దాని వైపే నడుస్తాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకున్నవాడికి సగం పని వచ్చినట్టే.

మిషన్ బిగించే రోజు సారు భార్య కరుణమ్మ గారు వాకిట్లో కూర్చుని బెండకాయలు ఏరుతున్నారు. ఆమె భద్రాచలంలో నర్సుగా చేసి మానేశారు. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తుంది. ఇప్పటికీ ఎవరికి చెయ్యి తెగినా కాలు బెణికినా ముందు ఆ వాకిట్లోకే వస్తారు. నేను నమస్కారం పెట్టాను. ఆమె నా ముఖం చూడలేదు, జోడించిన చేతులు చూశారు.

"ఆ వేలేమైంది చారీ?" అని అడిగారు.

నేను అలవాటుగా నిట్టూర్చి టేకు దుంగ దగ్గర మొదలుపెట్టి సైకిల్ దాకా చెప్పాను. సిస్టరమ్మ చివరిదాకా విని, "అట్లనా" అని మళ్లీ బెండకాయలు ఏరుకున్నారు. నా కథకు అంత చిన్న జవాబు అంతకుముందెన్నడూ రాలేదు. మనసులో ఎక్కడో కొంచెం గుచ్చుకుంది గానీ పట్టించుకోలేదు.

మేం విశ్వకర్మలం. కొత్త మిషన్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కొట్టందే స్విచ్ వెయ్యను. జేబులో నిమ్మకాయ పెట్టుకునే వచ్చాను, తీరా చూస్తే సారు బైబిల్ పట్టుకుని నిలబడ్డారు. కాసేపు ఇద్దరం మొహమాటపడ్డాం. చివరికి ఆయన ప్రార్థన చేశారు, నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. తర్వాత నేను నిమ్మకాయను మిషన్ కాలి దగ్గర పెట్టాను, ఆయన అటువైపు చూడనట్టు తల తిప్పుకున్నారు. సాయంత్రం సిస్టరమ్మ ఆ నిమ్మకాయను తీసి షర్బత్ కలిపి మా ఇద్దరికీ ఇచ్చారు. ఎవరి దేవుడికీ కోపం వచ్చినట్టు లేదు.

ఇక సారు ఏర్పాట్ల గురించి చెప్పాలి. ఆ చిన్న షెడ్డు గోడల మీద ఏడు బోర్డులు ఉన్నాయి. అన్నీ ఆయనే ఎర్ర రంగుతో రాశారు. వాటిలో ఒకటి "పని చేయునపుడు బోర్డులు చదవరాదు" అని ఉంది. ఒక బల్ల మీద అట్ట వేసిన లావుపాటి రిజిస్టరు ఉంది. మిల్లులో ప్రతి ప్రమాదాన్నీ కారణంతో సహా రాసేవాళ్లట. ఇక్కడింకా ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి, రిజిస్టరు ఖాళీగా ఉండకూడదని మొదటి పేజీలో నా వేలు కేసు రాసుకున్నారు. టేకు దుంగ, కరెంటు, తువాలు, సైకిల్ అన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. కింద "కారణం: అజాగ్రత్త" అని గీత కూడా కొట్టారు. నా అబద్ధాన్ని అంత శుభ్రమైన దస్తూరీలో చూసుకోవడం నాకు అదే మొదటిసారి.

ఆయన చెప్పింది చెప్పినట్టు వినే శిష్యుడు, అది ఒప్పుకోవాలి. రంపాన్ని చెక్క మందం కన్నా కొంచెం మాత్రమే పైకి లేపాలన్నాను, స్కేలు పెట్టి కొలిచారు. చెక్కను ఆనించి తోసే ఇనుప కమ్మీని ఫెన్స్ అంటారు. అది రంపానికి సమాంతరంగా ఉండాలన్నాను, రోజూ పొద్దున కొలిచేవారు. రంపం వెనక రివింగ్ నైఫ్ అని ఒక రేకు నిలబడి ఉంటుంది. కోసిన చెక్క మళ్లీ మూసుకుని రంపాన్ని పట్టేయకుండా అది అడ్డం ఉంటుంది. పట్టేసిందా, చెక్క వెనక్కి ఎగిరి మన పొట్టలోకే వస్తుంది, దాన్ని కిక్‌బ్యాక్ అంటారు. అందుకే చెక్కకు సూటిగా కాకుండా పక్కకు నిలబడాలన్నాను. ఎక్కడ నిలబడాలో నేల మీద రెండు పాదాలు గీసుకున్నారు. చివరి జానెడు చేత్తో కాదు, పుష్ స్టిక్‌తో, అంటే తోపుడు కర్రతో తొయ్యాలన్నాను. ఆరు కర్రలు చేసి వాటికి నంబర్లు వేశారు.

గొడవ గ్లౌజుల దగ్గర వచ్చింది. మొదటి కోతకు సారు పూర్తి మిల్లు వేషంలో వచ్చారు. హెల్మెట్, గమ్ బూట్లు, అద్దాలు, చేతులకు మోచేతి దాకా తోలు గ్లౌజులు. అద్దాలు ఉంచుకోండి, గ్లౌజులు తీసేయండి అన్నాను. ఆయన నన్ను పాస్టరు ముందు బూతు మాట్లాడినవాణ్ణి చూసినట్టు చూశారు. గ్లౌజు లేనందుకు తాను ముప్పై ఏళ్లలో ఎంతమందికి మెమో ఇచ్చారో పేర్లతో సహా చెప్పడం మొదలుపెట్టారు. బరువు ఎత్తేటప్పుడు, వేడి ముట్టేటప్పుడు గ్లౌజు కాపాడుతుంది సార్, తిరిగే పళ్ల దగ్గర అదే పట్టిస్తుంది అన్నాను. వట్టి వేలికి పన్ను తగిలితే చర్మం తెగుతుంది, మనం చెయ్యి లాక్కుంటాం. గ్లౌజుకు తగిలితే పన్ను గుడ్డను పట్టుకుని చేతిని మొత్తంగా లోపలికి ఈడుస్తుంది. ఎంత చెప్పినా ఆయన తల ఊపలేదు.

ఇక లాభం లేదని వాకిట్లోకి పోయి సిస్టరమ్మను బెండకాయలు అడిగాను. ఒక పాత గ్లౌజు తీసుకుని ఒక్కో వేలులో ఒక్కో బెండకాయ, అరచేతిలో ఇంకో గుప్పెడు కుక్కి, పొడుగాటి కర్రకు మేకుతో బిగించాను. సారును గుమ్మం బయట నిలబెట్టి, నేను దూరంగా పక్కకు నిలబడి ఆ గ్లౌజు చిటికెన వేలి చివరను తిరిగే రంపానికి అలా ముట్టించాను. ముట్టించినంత వరకే గుర్తుంది. గ్లౌజు నా కర్రనుంచి ఊడి లోపలికి పోయింది, బెండకాయలు బయటికి వచ్చాయి. హెల్మెట్ మీద, ఏడు బోర్డుల మీద, రిజిస్టరు మీద, సారు అద్దాల మీద బెండకాయ జిగురే. తెల్లటి గింజలు రేకుల నుంచి కాసేపటిదాకా రాలుతూనే ఉన్నాయి.

సిస్టరమ్మ వచ్చి గుమ్మంలోంచి చూశారు. "ఇంకేమన్న పాఠం ఉంటే కూరగాయలు మీరే తెచ్చుకోండి" అని వెళ్లిపోయారు. సారు అద్దాలు తుడుచుకుని, గ్లౌజులు రెండూ తీసి మేకుకు తగిలించారు. ఆ రోజు నా పాఠం మీద నాకే ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు. గ్లౌజు తీసిన ఎడమ చేతికి బంగారు ఉంగరం ఉంది.

"సార్, అదిగూడ తియ్యాలె" అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది చర్చిలో పెట్టిన పెళ్లి ఉంగరమట. ముప్పైమూడేళ్లలో ఒక్క పూట కూడా తియ్యలేదట. టైఫాయిడ్ వచ్చి సన్నబడితే జారిపోకుండా దారం చుట్టుకున్నారట గానీ తియ్యలేదట. గ్లౌజుకు చెప్పిందే దీనికీ సార్, పట్టుకునేది ఏదీ చేతికి ఉండకూడదు అన్నాను. అప్పుడాయన రిజిస్టరు తెరిచారు.

"నీ వేలు రంపానికే గద పోయింది?"

"అవ్ సార్."

"అప్పుడు దానికి ఉంగరం ఉన్నదా?"

నా జన్మలో అంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. టేకు దుంగ కథలో ఉంగరానికి చోటు లేదు. ఇప్పుడు దూరిస్తే ఇన్నేళ్లుగా విన్నవాళ్లంతా ఏమంటారు? "లేదు సార్" అన్నాను.

ఆయన తృప్తిగా కలం తీసి "ఉంగరం లేదు" అని రాసుకున్నారు. ఉంగరం లేకుండానే వేలు పోయింది కాబట్టి, వేలు పోవడానికీ ఉంగరానికీ సంబంధం లేదని తేల్చారు. కమిటీలో ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషితో నేను వాదించలేకపోయాను. వాదించడానికి నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క నిజం, దాన్ని బయటపెడితే నా షెడ్డు గిరాకీ ఏమవుతుందోనన్న భయం. స్కూటర్ ఎక్కి వచ్చేశాను. సిగ్గుగా ఉంది. నా అబద్ధం ఇన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది, ఇప్పుడు పోయి ఇంకొకరి వేలు పక్కన కూర్చుంది.

వారం తిరిగాక ఫెన్స్ ఒకసారి చూసిపొమ్మని సారు కబురు పెట్టారు. మూడు బెంచీలు అయిపోయాయి, నాలుగోదానికి చెక్క కోస్తున్నారు. జామాయిల్ చెక్క. మా వైపు తోటల్లో బాగా దొరుకుతుంది, గట్టిదే గానీ దానికి లోపల బిగువు ఎక్కువ. కోస్తుంటే వంకర పోతుంది, అంచున పేళ్లు, అంటే ముల్లులాంటి చెక్క చీలికలు లేస్తాయి. సారు గీసుకున్న పాదాల్లో పాదాలు పెట్టి, ఎడమ చేత్తో చెక్కను ఫెన్స్‌కు ఆనించి, కుడి చేత్తో మూడో నంబరు కర్రతో తోస్తున్నారు. చూడడానికి ముచ్చటగా ఉంది. ఎడమ చెయ్యి ఆగాల్సిన చోట బల్ల మీద సుద్దగీత కూడా ఉంది.

చెయ్యి ఆ గీత దాటింది. మొదట నాకు అర్థం కాలేదు. సారు ముఖం చూస్తే ఆయనకూ అర్థం కాలేదు. చెక్క అంచున లేచిన పేడు ఒకటి ఉంగరం కిందికి దూరింది. కుడి చెయ్యి అలవాటుగా తోస్తూనే ఉంది, ఎడమ చెయ్యి చెక్కతోపాటు ముందుకు పోతూనే ఉంది. మిషన్ ఆపే ఎర్ర బొత్తాం బల్ల కింద మోకాలి ఎత్తులో ఉంటుంది. నేను ముందుకు దూకి మోకాలితో గుద్దాను. "తొయ్యకు సార్" అని అరిచాను. రంపం ఊళవేస్తూ మెల్లగా ఆగింది. ఉంగరానికీ పళ్లకూ మధ్య జానెడు ఉంది. నా జానెడు కాదు, చిన్నపిల్లల జానెడు.

పేడు విరిచి ఉంగరాన్ని విడిపించాను. సారు కాసేపు తన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, తప్పు చెక్కదేననీ, ఇకమీద పేళ్లు ముందే చెక్కేసుకోవాలనీ, దానికి ఎనిమిదో బోర్డు రాస్తాననీ అన్నారు. ఉంగరం మాట ఎత్తలేదు.

గుమ్మంలో సిస్టరమ్మ రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. ఒక గ్లాసు సారుకిచ్చి, రెండోది నాకివ్వకుండా వాకిట్లోకి రమ్మన్నారు. వెళ్లాను. నా కుడి చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పారు.

"పన్నెండేండ్లు ఆపరేషన్ థియేటర్ల చేసిన చారీ. రంపం కొరికితే పక్క వేళ్లు సాక్ష్యం చెప్తయి. నడుమ ఉన్న ఒక్క వేలు పోయి, అటు ఇటు గీత గూడ పడకుంటే, అది ఉంగరం పని."

అంటే ఆమెకు మొదటిరోజే తెలుసన్నమాట. మరి ఆ రోజు ఎందుకు అడగలేదమ్మా అన్నాను. "ఎవరి బతుకుదెరువు వాళ్లది, నాకెందుకనుకున్న" అన్నారు. "ఇప్పుడు ఆయన వేలు సంగతి. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఆమె గొంతు పెంచలేదు. కానీ నా సగం వేలును పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. ఎంతోమంది తెగిన చేతులకు కట్లు కట్టిన చెయ్యి అది. అది చూశాక నాకు గిరాకీ గుర్తురాలేదు. ఇద్దరం షెడ్డులోకి పోయాం. నేను చెప్పాను.

1984లో నాకు ఇరవై రెండేళ్లు, కొత్తగా పెళ్లయింది. అప్పటికి వడ్రంగం చేతిలో పడలేదు, అడవి డిపోల నుంచి మిల్లుకు వెదురు తోలే లారీల మీద కూలికి పోయేవాణ్ణి. మా మామ పెళ్లికి పెట్టిన ఉంగరం వేలికి ఉండేది. నలుగురికీ కనబడాలని పనిలో కూడా తీసేవాణ్ణి కాదు. ఒకరోజు మిల్లు బయట లారీ ఆగింది. లోడు మీద నుంచి, ఎదురుగా ఆడకూలీలు ఉన్నారని కొంచెం షోకుగా దూకాను. తాడు కట్టే ఇనుప కొక్కేనికి ఉంగరం తగులుకుంది.

"నేను కిందికొచ్చిన సార్. వేలు పైన్నే ఉన్నది."

సారు గ్లాసు కింద పెట్టేశారు. నేను ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాను. దవాఖానాకు మా మామ పరుగెత్తుకుంటూ వచ్చి మొదట అడిగింది ఉంగరం దొరికిందా అని. దొరికింది. దాన్ని కరిగించి మా అమ్మాయికి కమ్మలు చేయించాం. టేకు దుంగ లేదు, కరెంటు పోలేదు, నాకు అప్పట్లో సైకిలే లేదు. లారీ మీది నుంచి షోకుగా దూకి వేలు పోగొట్టుకున్నానంటే నవ్వుతారు, రంపానికి ఇచ్చానంటే దండం పెడతారు. అందుకే అట్లా చెప్పుకున్నాను.

సారు రిజిస్టరు తీసి, మొదటి పేజీ మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టారు. కింద కొత్తగా రాశారు. స్థలం: లారీ. కారణం: మామగారి ఉంగరం. రాసి నా ముందుకు తోసి, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు, కలం మూత పెట్టుకుంటూ ఎడమ చేతి వైపు చూసుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు కనబడ్డాయి.

"తీస్తే మాట తప్పినట్టు గాదా కరుణా?" అన్నారు.

"మీరు పట్టుకుంటనన్నది నా చెయ్యి. చెయ్యే లేకుంటే దేంతోటి పట్టుకుంటరు?" అన్నారు సిస్టరమ్మ.

అంతా తేలిపోయాక చూస్తే ఉంగరం రావడం లేదు. ముప్పైమూడేళ్లలో వేలు లావెక్కి ఉంగరాన్ని మింగేసింది. సబ్బు రాశారు, కొబ్బరినూనె రాశారు. నేను పట్టుకారు తెచ్చాను, సిస్టరమ్మ నా వైపు ఒక చూపు చూస్తే మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. చివరికి ఆమె కుట్టు దారం తెచ్చి ఒక కొసను ఉంగరం కిందినుంచి దూర్చి, మిగతా దారాన్ని కణుపు దాటేదాకా వేలి చుట్టూ వరసగా, బిగుతుగా చుట్టారు. తర్వాత కింది కొసను పట్టుకుని విప్పుతుంటే ఉంగరం చుట్టుకు చుట్టు పైకి నడిచి వచ్చింది. దవాఖానాలో వాచిన వేళ్లకు ఇట్లాగే తీసేవారట. సారు పళ్లు బిగబట్టి ఏదో కీర్తన పాడుకున్నారు. ఉంగరం ఊడి వచ్చేసరికి కీర్తన కూడా అయిపోయింది. వేలికి ఉంగరం ఉన్నచోట తెల్లటి గీత పడి ఉంది.

ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. సారు గోడకు మేకు కొడదామన్నారు. సిస్టరమ్మ ఒప్పుకోలేదు. ఆమె దాన్ని తన మెడలోని గొలుసుకు వేసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. సారు షెడ్డులోకి పోయేముందు ఉంగరం ఆమె చేతిలో పెడతారు. అది ఆమె గొలుసుకు ఉంటే మిషన్ నడుస్తున్నట్టు, ఆ సమయంలో చుట్టం వచ్చినా, ఫోను వచ్చినా ఎవరూ ఆయన్ను పిలవకూడదు. పని అయ్యాక ఆయన మిషన్ ప్లగ్ పీకి, వాకిట్లోకి వచ్చి రెండు చేతులూ చాపుతారు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెడతారు. పది వచ్చాకే ఉంగరం మళ్లీ తొడుగుతారు. అరవై ఏళ్ల మనిషి రోజూ సాయంత్రం పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ నిలబడడం నేను కళ్లారా చూశాను.

క్రిస్మస్‌కు వారం ముందే పన్నెండు బెంచీలూ అయ్యాయి. అందులో ఒకటి కొంచెం ఊగుతుంది, అది నేను సాయం చేసినదని సారు అందరికీ చెప్పారు. నా వేలు సంగతి మాత్రం అంతకన్నా ముందే ఊరు చేరింది. ఎవరు చెప్పారో తెలియదు, రిజిస్టరు చూపించకుండా సారు ఉండలేరని నా అనుమానం. నాలుగు రోజులు టీ కొట్టు దగ్గర నన్ను చూసి లారీ హారన్ కొట్టినట్టు నోటితో శబ్దం చేశారు. వేంసూరు నుంచి ఒక పాత గిరాకీదారు పని గట్టుకుని వచ్చాడు.

"రంపానికి వేలిచ్చినవని నమ్మి నీకు తలుపులిచ్చిన గదనే" అన్నాడు.

తలుపులు బాగున్నాయా లేదా అని అడిగాను. బాగానే ఉన్నాయన్నాడు. కాసేపు నవ్వి, కిటికీల కొలతలు ఇచ్చి పోయాడు. ఇన్నేళ్లూ నేను భయపడింది ఈ నవ్వు గురించేనా అనిపించింది. మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి, నేను వేలు కథ చెబుతుంటే లోపలికి పోకుండా అక్కడే నిలబడి వింటోంది. మామ ఉంగరం అడిగే చోటు వచ్చేసరికి మా నాయన అట్ల అనలేదని అడ్డం వస్తుంది.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటంటే, పోయిన వేలు పనితనానికి గుర్తు కాదు, ఏదో ఒక రోజు చేసిన తెలివితక్కువ పనికి గుర్తు. దాన్ని మెడల్ చేసుకుని తిరిగితే చూసినవాళ్లు మెడల్ కావాలనుకుంటారు గానీ జాగ్రత్త నేర్చుకోరు. ఎట్లా పోయిందో ఉన్నది ఉన్నట్టు చెబితేనే ఆ పోయిన వేలు ఇంకొకరికి పనికొస్తుంది. అప్పటి నుంచి నా షెడ్డులో స్విచ్ బోర్డు పక్కన ఒక చెక్కకు వరసగా మేకులు ఉన్నాయి. ఉంగరాలు, వాచీలు, కంకణాలు అక్కడ తగిలించాకే స్విచ్ మీద చెయ్యి వెయ్యాలి. కొత్తవాళ్లు ఎందుకని అడిగితే వేలు చూపించి లారీ కథ చెబుతాను. నవ్వుతారు, నవ్వుతూనే ఉంగరం తీస్తారు.

బెంచీలన్నీ చర్చికి పంపిన రోజు సాయంత్రం సారు ఎప్పట్లాగే చేతులు చాపారు. సిస్టరమ్మ పది లెక్కపెట్టి ఉంగరం తొడిగారు. నేను సంచి సర్దుకుని వెళ్లొస్తానమ్మా అని నమస్కారం పెట్టబోతే, ఉండమని నా చేతులు కూడా పట్టుకున్నారు. ఎడమ చేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చి, సగం వేలు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని కూడా ముట్టుకుని, చిటికెన వేలు దాకా పోయారు.

"తొమ్మిదిన్నర" అన్నారు. "పొద్దున వచ్చినప్పుడు ఎన్ని ఉన్నయో గన్నే ఉన్నయి. ఇగ ఇంటికి పో నాయనా."